డెబ్బయ్యో దశకం మేటి పాటల్లో వాడ పాట ఎందుకు లేదు?

సికింద్రాబాద్‌లో పాత పాటల అభిమానులు నలుగురు ఒకచోట చేరితే వాదన ఎటు పోతుందో అందరికీ తెలిసిందే. 1970 నుంచి 1975 దాకా వచ్చిన పాటల్లో మేటి పాట ఏది? ఒకరు ‘దసరా బుల్లోడు’ అంటారు. ఇంకొకరు అదే 1971లో వచ్చిన ‘ప్రేమనగర్’ ముందు ఏదీ నిలవదంటారు. ఒకరికి 1973 నాటి ‘భక్త తుకారాం’ కావాలి, ఇంకొకరికి ‘జీవన తరంగాలు’ కావాలి. లష్కర్ కదా, ‘పాకీజా’, ‘బాబీ’ కూడా మధ్యలోకి వస్తాయి. ఘంటసాలా, బాలునా? మహదేవనా, సత్యమా? చాయ్ మీద చాయ్ అయిపోతుంది గానీ తీర్పు మాత్రం రాదు.

ఈ వాదన మాకూ ఇష్టమే. ఆ పాటలు మనవి కూడా. ఆదివారం మధ్యాహ్నం రేడియో చుట్టూ చేరింది ఒక్క మేడల్లోని వాళ్లే కాదు. అయితే అదే కాలంలో, ఇదే సికింద్రాబాద్ అంచున ఉన్న ఆల్వాల్‌లో ఒక పాట పుట్టింది. దాని పేరు ‘ఆపరా రిక్షా’. రాసింది గుమ్మడి విఠల్‌రావు. లోకానికి ఆయన గద్దర్. 1971 నాటి ఈ పాట మేటి పాటల జాబితాలో ఎందుకు కనపడదని అడిగితే సాధారణంగా నాలుగు జవాబులు వస్తాయి. ‘అది సినిమా పాట కాదు.’ ‘దానికి రికార్డు లేదు.’ ‘అది రాజకీయం, సంగీతం కాదు.’ ‘అలాంటివి జానపదాలు, ఎవరి పేరనీ ఉండవు.’ ఈ నాలుగు జవాబుల వెనక ఏముందో ఒక్కొక్కటిగా చూద్దాం. జాబితా అనేది దానంతటదే తయారు కాదు. ఎవరో తయారు చేస్తే తయారవుతుంది.

జాబితా ఎలా తయారైంది

పాటలకు ర్యాంకులు ఇచ్చే అలవాటు మన దేశంలో రేడియోతో స్థిరపడింది. 1952 చివర్లో రేడియో సిలోన్‌లో మొదలైన ‘బినాకా గీత్‌మాలా’ను అమీన్ సయానీ దశాబ్దాల పాటు నడిపారు. ఏ పాట ఏ మెట్టు మీద ఉందో అక్కడ రెండు లెక్కలతో తేల్చేవారు. ఒకటి, దుకాణాల్లో రికార్డుల అమ్మకం. రెండోది, శ్రోతల సంఘాల నుంచి వచ్చే ఉత్తరాలు. తెలుగు శ్రోతలకు అదే సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై గొంతు వినిపించేది. 1957లో మొదలైన వివిధ భారతి కూడా కోరిన పాటలు వేసేది.

ఈ లెక్కలో ఓటు ఎవరికి ఉందో చూడండి. రికార్డు కొనాలంటే ఇంట్లో గ్రామఫోన్ ఉండాలి, కరెంటు ఉండాలి. ఉత్తరం రాయాలంటే చదువు రావాలి. ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాల్సిన రోజులవి. రైల్వే వర్క్‌షాపుకు నడిచి వెళ్లే కూలి, మోండా మార్కెట్‌లో మూటలు మోసే హమాలీ, క్లాక్ టవర్ దగ్గర రిక్షా నిలిపి బేరం కోసం చూసే మనిషి పాటను ఇరానీ హోటల్ రేడియోలో విన్నారు, సినిమా హాల్లో నేల టికెట్ కొని విన్నారు. విన్నారు గానీ వాళ్ల ఇష్టం లెక్కలోకి రాలేదు. కాబట్టి మనం ఇవాళ ‘జనం మెచ్చిన పాటలు’ అంటున్న జాబితా నిజానికి రికార్డు కొన్నవాళ్లు, ఉత్తరం రాసినవాళ్లు మెచ్చిన పాటల జాబితా. అది అబద్ధపు జాబితా కాదు. సగం జాబితా.

‘దానికి రికార్డు లేదు’

నిజమే, లేదు. ఎందుకు లేదన్నదే అసలు ప్రశ్న. డెబ్బయ్యో దశకం మొదట్లో పాట రికార్డు కావాలంటే స్టూడియో కావాలి, కంపెనీ కావాలి, డిస్కు అచ్చేసే ఫ్యాక్టరీ కావాలి. తెలుగు సినిమా పాటల రికార్డింగు ఎక్కువ భాగం మద్రాసులో జరిగేది. క్యాసెట్ చవకై వాడ వాడకూ చేరింది ఎనభయ్యో దశకంలోనే. అంటే 1971లో ఆల్వాల్‌లోనో, బోయిగూడలోనో, అడ్డగుట్టలోనో కట్టిన పాటకు ఉన్న ఒకే ఒక్క రికార్డు మనిషి జ్ఞాపకం.

ఇక్కడ ఒక పోలిక చెప్పుకోవాలి. సరిగ్గా అదే కాలంలో జమైకా రాజధాని కింగ్‌స్టన్ పేదవాడల పాట ప్రపంచమంతా తిరిగింది. 1972లో జిమ్మీ క్లిఫ్ నటించిన ‘ది హార్డర్ దే కమ్’ సినిమా వచ్చింది. 1973లో బాబ్ మార్లే బృందం ‘క్యాచ్ ఎ ఫైర్’ ఆల్బం లండన్‌లోని ఐలాండ్ రికార్డ్స్ ద్వారా వచ్చింది. బానిసల వారసుల పాట అది, పేదల పాట అది. అది దాటుకుని రావడానికి ప్రతిభ ఒక్కటే కారణం కాదు. కింగ్‌స్టన్‌లో 1963 నుంచీ స్టూడియో వన్ ఉంది. దాని యజమాని కాక్సన్ డాడ్ నల్లజాతి మనిషి. పెద్ద పెద్ద స్పీకర్లు వీధిలో పెట్టి జనానికి పాటలు వినిపించిన అనుభవం అతనిది. అక్కడా పాటగాళ్లకు డబ్బు దగ్గర అన్యాయాలు జరిగాయి. అయినా పాట మాత్రం డిస్కులోకి ఎక్కింది. మన దగ్గర దళితవాడకు పక్కనే స్టూడియో లేదు, దళితుడి చేతిలో కంపెనీ లేదు. తేడా గొంతులో లేదు, యంత్రం ఎవరి చేతిలో ఉందన్న దానిలో ఉంది.

ఆల్వాల్‌లో ఏం జరిగింది

గద్దర్ 1949లో మెదక్ జిల్లా తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టారు. 1969 తెలంగాణ ఉద్యమం నాటికే పాటగాడిగా జనంలో తిరిగారు. ఆల్వాల్‌లో బి. నర్సింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ అసోసియేషన్‌తో పరిచయమయ్యాక, కొత్త పాట రాయమని నర్సింగరావు ప్రోత్సహించారు. అలా వచ్చిందే రిక్షా పాట. రిక్షా తొక్కే మనిషిని ఆపి, అతని చెమటకు దక్కుతున్న ఫలితం ఎంత అని మాట్లాడే పాట అది. ఆర్ట్ లవర్స్ నుంచే 1972లో జననాట్యమండలి వచ్చింది. స్వాతంత్ర్యం కోసం విదేశాల్లో పుట్టిన గదర్ పార్టీ పేరును పాటల సంకలనానికి పెట్టుకున్నారు. చివరికి ఆ పేరే మనిషికి స్థిరపడింది.

ఈ పాటను జనం ఎందుకు పట్టుకున్నారు? డెబ్బయ్యో దశకంలో జంటనగరాల వీధుల్లో సైకిల్ రిక్షాలే రిక్షాలు. పల్లెల్లో భూమి లేక, కరువుకు తట్టుకోలేక నగరానికి వచ్చినవాళ్లకు దొరికిన మొదటి పని అది. కిరాయి రిక్షా తొక్కి, రోజు కిరాయి యజమానికి కట్టి, మిగిలితే ఇంటికి తీసుకుపోవాలి. పాట ఆ మనిషి గురించే కాదు, ఆ మనిషితోనే మాట్లాడింది. సినిమా పాటలోనూ రిక్షావాడు వస్తాడు. అయితే అక్కడ హీరో కాసేపు రిక్షా ఎక్కి తొక్కుతాడు.

పాటతో జనాన్ని కూడగట్టడం మన నగరంలో అప్పుడే మొదలైన పని కూడా కాదు. 1906లో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు హరికథలతో, జనం ఎరిగిన కథలతోనే మాలవాడల్లో సంస్కరణను మొదలుపెట్టారు. తర్వాత అదే మాన్య సంఘమైంది. బోనాల డప్పు, భజన పాట, రైల్వే క్వార్టర్ల పక్క చర్చిల్లో హార్మోనియం మీద పాడే కీర్తన, కూలి పనిలో ఆడవాళ్లు ఎత్తుకునే పాట, ఇవన్నీ కలిసిన నేల ఇది. రిక్షా పాట గాలిలోంచి ఊడిపడలేదు.

ఇదే కాలంలో ఆదిలాబాద్ జిల్లా నుంచి గూడ అంజయ్య ‘ఊరు మనదిరా’ రాశారు. అప్పటికి ఆయన ఇంకా విద్యార్థి. ఊరును తమ కష్టంతో నిలబెట్టిన కులాలు ఊరి మీద హక్కు అడిగిన పాట అది. అది తెలుగు దాటి ఇతర భాషల్లోకీ పోయింది. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు పాటలు వచ్చాయి. గద్దర్, వంగపండు ఇద్దరూ జననాట్యమండలిలో కలిసి నడిచారు. ఒక్క రికార్డు దుకాణంలోనూ అమ్మని పాటలు శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా నోటి నుంచి నోటికి చేరాయంటే, జనం మెచ్చడానికి అంతకన్నా ఏ లెక్క కావాలి?

‘అది రాజకీయం, సంగీతం కాదు’

ఈ మాట అనేవాళ్లకు 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ను గుర్తు చేయాలి. ఆ సినిమాలో శ్రీశ్రీ రాసిన పాటకు ఉత్తమ గేయ రచయితగా జాతీయ అవార్డు వచ్చింది. పోరాటానికి లేవమని పిలుపునిచ్చే పాట అది. అభిమానుల జాబితాల్లో అది ఎప్పుడూ ఉంటుంది, ఉండాలి కూడా. అదే శ్రీశ్రీ 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘానికి తొలి అధ్యక్షుడు. అంటే రాజకీయం ఉంటే పాట కాకుండా పోతుందన్న సూత్రం ఏదీ లేదు. దొర మీద తిరుగుబాటు తెర మీద జరిగితే సంగీతం, వాడలో జరిగితే రాజకీయం. ఈ గీత ఎవరు గీశారో వేరే చెప్పనవసరం లేదు.

సంగీతం మాటకే వద్దాం. డప్పును తీసుకోండి. వేపకర్రతో చేసిన పలక, దానికి బిగించిన తోలు, ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో సిటికెన పుల్ల. వాయించే ముందు మంట దగ్గర కాచి శ్రుతి చేస్తారు. వేడి ఎక్కువైతే తోలు పగులుతుంది, తక్కువైతే మోగదు. ఎంత కాచాలో చెవితో తెలుసుకోవాలి. చావుకు ఒక దెబ్బ, పెళ్లికి ఒక దెబ్బ, జాతరకు ఒక దెబ్బ. ఇంత శాస్త్రం ఉన్న వాద్యాన్ని ‘చప్పుడు’ అనడం అలవాటైంది. దాన్ని మోసే చేయి మాదిగ చేయి కాబట్టి అలవాటైంది. మృదంగాన్ని బిగించేదీ తోలుతోనే. దాన్ని ఎవరూ చప్పుడు అనరు.

‘జానపదం ఎవరి పేరనీ ఉండదు’

నాలుగు జవాబుల్లో అన్నిటికన్నా నష్టం చేసేది ఇదే. దీని వెనక చట్టం కూడా ఉంది. కొంచెం ఓపిగ్గా చూద్దాం.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. పాటలోని మాటలు ఒక రచన, బాణీ ఇంకో రచన, రికార్డు మూడోది. రచయిత బతికినంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అయితే చట్టం పుట్టినప్పుడు సంగీత రచన అంటే కాగితం మీద రాసినదో అచ్చయినదో అని నిర్వచించారు. నోటితో కట్టి నోటితోనే నేర్పిన బాణీ ఆ నిర్వచనంలో పట్టలేదు. 1994 సవరణతో గానీ ఆ షరతు పోలేదు. అంటే 1971లో ఒక దళిత పాటగాడు కట్టిన బాణీ, రాసి పెట్టకపోతే, నాటి చట్టం దృష్టిలో సంగీత రచనే కాదు. అక్షరాన్ని మనకు దూరం పెట్టిన సమాజం, అక్షరంలో లేదు కాబట్టి నీది కాదని చట్టంలో రాసుకుంది.

సినిమా రచయితల గతి మాత్రం ఏమంత గొప్పగా ఉండేది? 1977లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, నిర్మాత డబ్బిచ్చి రాయించుకున్న పాట మీద హక్కు మామూలుగా నిర్మాతదేనని చెప్పింది. 2012లో చట్టాన్ని సవరించాకే రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీలో వదులుకోవడానికి వీల్లేని వాటా వచ్చింది. సినిమా రచయితలకే అంత కాలం పడితే వాడ పాటగాడి సంగతి ఊహించుకోవచ్చు.

ఇప్పుడు ‘జానపదం’ అనే ముద్ర ఏం చేస్తుందో చూడండి. రచయిత ఎవరో తెలియని పాటను వాడుకుంటే అడిగేవాళ్లు ఉండరు. కాబట్టి రచయిత ఉన్న పాటను కూడా ‘పాత జానపదం’ అంటే చాలు, పేరూ వేయక్కర్లేదు, పైసా ఇవ్వక్కర్లేదు. ఇదంతా ఎప్పుడూ కుట్ర చేసి చేయాల్సిన పని కూడా కాదు. అడిగేవాళ్లు లేకపోతే దానంతటదే జరిగిపోతుంది. మంచి ఉద్దేశంతోనూ పేర్లు మారిపోతాయి. ‘బండెనక బండి కట్టి’ని చాలామంది గద్దర్ రాసిన పాట అనుకుంటారు. అది తెలంగాణ సాయుధ పోరాట కాలంలో యాదగిరి కట్టిన పాట. ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడటంతో అది లోకమంతా పాకింది. పాడిన గొంతు పెద్దదైతే కట్టిన చేయి మరుగున పడుతుంది. గద్దర్‌కు జరిగిన గౌరవం యాదగిరికి జరిగిన మరుపు కాకూడదు కదా.

మనలో మనకున్న వాదన

మనవైపు అభిమానుల్లోనూ ఒక తగాదా ఉంది. దాన్ని దాచుకోవాల్సిన పని లేదు. డెబ్బయ్యో దశకం మొదటి పాటలు ‘కూలి’, ‘పేద’, ‘రైతు’ అన్నాయి గానీ ‘మాల’, ‘మాదిగ’ అని పేరు పెట్టి పలకలేదని కొందరంటారు. రిక్షా తొక్కేవాడి పేదరికాన్ని చూపాయి, అతని కులాన్ని చూపలేదని వాళ్ల ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్నే. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ ఏర్పడ్డారు. అక్కడ మరాఠీలో అంబేద్కర్ పాటలు అప్పటికే వాడవాడలా మోగుతున్నాయి. తెలుగు నేల మీద కులాన్ని సూటిగా పలికే పాట 1985 కారంచేడు దాడి తర్వాత, 1991 చుండూరు తర్వాత ఉప్పెనలా వచ్చింది. గద్దర్ కూడా కారంచేడు మీద ‘దళిత పులులమ్మా’ కట్టారు.

మరి 1971 పాట మనది కాదా? మనదే అని మేమంటాం. అయితే అది ప్రయాణంలో ఒక మజిలీ. గమ్యం కాదు. ఆ పాటల్లో ఏం ఉందో, ఏం లేదో రెండూ చెప్పుకోవడమే నిజమైన అభిమానం.

ఇంకో లోటు ఆడవాళ్లది. ఆ రోజుల్లో నాట్లు వేస్తూ, రాళ్లు కొడుతూ, మైలవాళ్లని దూరం పెట్టిన పండగల్లో కూడా పాడిన దళిత స్త్రీల పాటలకు ఒక్క పేరూ మిగల్లేదు. సికింద్రాబాద్ బొల్లారంలో పుట్టి, ఉమ్మడి రాష్ట్రంలో మంత్రిగా, డిప్యూటీ స్పీకర్‌గా పనిచేసి, 1969 ఉద్యమంలో ముందు నిలిచిన టి.ఎన్. సదాలక్ష్మి జీవితమే మనకు పుస్తకంగా దక్కడానికి గోగు శ్యామల కూర్చుని, అడిగి, విని రాయాల్సి వచ్చింది. ఆ పుస్తకం ‘నేనే బలాన్ని’. అంత పెద్ద నాయకురాలి సంగతే అలా ఉంటే, నాట్లలో పాట ఎత్తిన అవ్వ సంగతి ఎవరు రాయాలి?

ఇప్పుడు చేయగలిగింది

గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. ఆల్వాల్‌లో తాను స్థాపించిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే ఆయన సమాధి ఉంది. తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు నంది పేరు బదులు గద్దర్ పేరు పెట్టి 2025లో ప్రదానం చేసింది. గూడ అంజయ్య 2016లో, వంగపండు 2020లో పోయారు. పేరున్నవాళ్లే ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. వాళ్ల వెనక కోరస్ పాడినవాళ్లు, డప్పు కొట్టినవాళ్లు, బాణీ అందించినవాళ్లు ఇప్పుడు డెబ్బయ్యో ఎనభయ్యో ఏట ఉన్నారు. అవార్డుకు పేరు పెట్టడం మంచిదే. అయితే వాళ్ల నోట్లో ఉన్న పాట అవార్డుతో భద్రం కాదు.

1971లో లేని యంత్రం ఇప్పుడు అందరి జేబులో ఉంది. మీ వాడలో పెద్దవాళ్ల పాటను ఫోన్‌లో రికార్డు చేయండి. పాట ఒక్కటే చాలదు. ఎవరు కట్టారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊళ్లో, ఏ ఏడాది ప్రాంతంలో, ఏ సందర్భంలో పాడారు అన్నది వాళ్ల గొంతులోనే చెప్పించండి. వేరే ఊళ్లో వేరే మాటలతో పాడితే రెండూ ఉంచండి, ఒకదాన్ని తప్పని కొట్టేయకండి. కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయితే రేపు తగాదా వస్తే రుజువు అడుగుతారు. తేదీతో ఉన్న రికార్డింగు, అచ్చయిన పుస్తకం, కరపత్రం అప్పుడు పనికొస్తాయి. హక్కును ఇంకొకరికి రాసిచ్చినా, ఈ రచన నాది అని పేరు చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుందని 57వ సెక్షన్ చెబుతోంది. రచయిత పోతే వారసులు దాన్ని అడగవచ్చు. ముందుగా పాడినవాళ్ల అనుమతి తీసుకోండి. మన పాటను మనమే అడగకుండా తీసుకుంటే ఇంకొకరిని ప్రశ్నించే నోరు మనకుండదు.

పాత పాటల అభిమానులకూ ఒక మాట. వాదన ఆపమని మేము చెప్పడం లేదు. ఘంటసాలనూ బాలునూ తక్కువ చేయమనీ అనడం లేదు. జాబితా రాసేటప్పుడు రెండు ప్రశ్నలు కలుపుకోండి. ఈ పాట రికార్డు కాకపోయి ఉంటే నాకు తెలిసేదా? రికార్డు కాని పాట నా పక్క వాడలో ఏది ఉండేది? ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పగలిగే మనుషులు ఆల్వాల్‌లో, బొల్లారంలో, పార్సిగుట్టలో ఇంకా ఉన్నారు. వచ్చే ఆదివారం వాళ్ల దగ్గరికి వెళ్లండి.